చోటెఱిగిన వడపోత



జగిత్యాల జిల్లాలో దొంగలమర్రి యను గ్రామము కలదు. పేరు విని నవ్వువారు నవ్వుదురు గాని, ఆ యూరివారు దొంగలు కారని మనుష్యులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. యంత్రమునకు మాత్రము చెప్పితీరవలెను.

నేడు పెక్కు కార్యాలయములును, సంఘములును తమ వార్తలను, పత్రములను కంప్యూటరులో నొకచోట దాచి, అడిగినవారికి పుటలుగా కూర్చి చూపుచున్నవి. దాచిన వ్రాతకును, చూచువాని కంటికిని నడుమ మాటల వడపోత యొకటి యుండును. తిట్లను తొలగించుట, రహస్యములను మఱుగుపఱచుట, పాతపేరునకు కొత్తపేరు పెట్టుట దాని పనులు. "దొంగ యను తిట్టు కనబడినచోట నెల్ల తుడిచివేయుము" అని దాని కాజ్ఞాపించితిమేని, దొంగలమర్రివారి చిరునామాలో 'లమర్రి' మాత్రము మిగులును. 'పంది' యను మాటను నిషేధించితిమేని, పెండ్లిపందిరి కాస్త పెండ్లి'రి' యగును! ఇది వట్టి హాస్యము కాదు. ఇంగ్లండులోని స్కంథార్ప్ పట్టణపు పేరులో నొక బూతుమాట యిమిడియున్నందున, 1996లో అమెరికా ఆన్‌లైన్ అను కంపెనీవారి యంత్రము ఆ యూరివారిని తన ఖాతాదారులుగా చేర్చుకొన నిరాకరించెను. ఊరి పేరే నేరమైనది.

మాట విడిగా నిలిచినప్పుడే తుడువుమన్నచో సరిపోదా యని మీరడుగవచ్చును. ఇంగ్లీషునకు అది కొంతవఱకు చాలును. మన భాషలో మాట ఒంటరిగా నిలువదు. విభక్తి వచ్చి చేరును, సంధి వచ్చి కలుపును. 'దొంగవు', 'దొంగలకు', 'దొంగయని' అన్న రూపములన్నియు నా నియమమును తప్పించుకొని పోవును. కావున తెలుగు వడపోతకు ముందుగా గ్రామనామముల పట్టిక నీయవలెను. ఆ పేర్లను విడిచి తక్కినవానినే పరీక్షింపుమనవలెను. అప్పటికిని అనుమానము తీరనిచో తానై తుడువక, మనుష్యుని యెదుట పెట్టుట మేలు.

చోటు తెలిసినను కాలము తెలియని వడపోత మఱింత చెఱుపు చేయును. 2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు కరీంనగరు జిల్లానుండి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినవి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరినది. కోరుట్లవాని నేటి చిరునామాలో 'కరీంనగరు జిల్లా' యని యున్నచో దిద్దుట న్యాయమే. కాని 1978 సెప్టెంబరునాటి జగిత్యాల జైత్రయాత్రను గూర్చిన వ్యాసములో నదే మార్పు చేసినచో చరిత్ర యబద్ధమగును. ఆనాడు జగిత్యాల కరీంనగరు జిల్లాలో నొక తాలూకా. 1985లో మండలములు వచ్చువఱకు తాలూకాలే యుండెను. ఇక పాత క్రయపత్రము మాట చెప్పనేల? తాతగారి పత్రములో జిల్లా పేరు మాఱి కనబడినచో, అది పుట్టించిన పత్రమని ప్రతిపక్షి వాదింపవచ్చును. అందుచేత, ఇది నేటి చిరునామాయా, గతమును చెప్పు వ్యాసమా, యథాతథముగా నుంచవలసిన పత్రమా యన్న భేదమును, వ్రాసిన సంవత్సరమును వడపోతకు ముందే తెలుపవలెను. తెలుపనిచోట అది చేయి పెట్టరాదు.

దీనికన్నిటికిని మూలమైన కట్టుబాటొకటి కలదు. వడపోత చూపునప్పుడే పనిచేయవలెను గాని, దాచిన వ్రాతను ముట్టరాదు. 2001లో వెలువడిన డ్రూపల్ అను వ్యవస్థ ఈ పద్ధతినే యవలంబించినది. నియమము తప్పని తెలిసిననాడు దానిని మార్చిన చాలును. మూలము చెక్కుచెదరక యుండును. మూలమునే దిద్దిపెట్టినచో, పోయిన మాటను తిరిగి తెచ్చువా రెవరు?

చూచువా డెవడన్నదియు విచారింపవలసినదే. ఆధారు సంఖ్యలో 12 అంకెలుండును. సిరిసిల్ల నేతపనివారి సహాయ పట్టికను ఊరందఱికి చూపునప్పుడు కడపటి 4 అంకెలు చాలును. లెక్క సరిచూచు అధికారికి మొత్తము కావలసిరావచ్చును. ఇచ్చట నొక ప్రమాదము పొంచియున్నది. యంత్రము శ్రమ తగ్గించుకొనుటకై, ఒకసారి వడపోసిన పుటను దాచియుంచి, మఱల నడిగినవారికి దానినే యిచ్చును. అధికారికి చూపిన ప్రతిని ప్రజలకును చూపెనా, నేతవాని గుట్టు బయటపడును. ఏ ప్రతి యెవరికొఱకో దానిమీద గుర్తుండి తీరవలెను.

పట్టికలో చోటు చాలక పేర్లను కత్తిరించుటయు వడపోత పనియే. 'సిరిసిల్ల' మన కంటికి నాలుగక్షరములు. యూనికోడు లెక్కలో గుడులు, పొల్లు వేఱువేఱుగా లెక్కకు వచ్చుటచే తొమ్మిది గుర్తులు. ఎనిమిదింటికి కోసినచో 'సిరిసిల్' అని పొల్లుతో నిలుచును. ఏడింటికి కోసినచో 'సిరిసిల' యగును, అది మఱియొక యూరేమో యనిపించును. 'జగిత్యాల'కు ఎనిమిది, 'కోరుట్ల'కు ఏడు. కాబట్టి గుర్తుల నెంచి కాక, పూర్తి యక్షరముల నెంచి, వీలైన మాటకు మాటకు నడుమనే కోయవలెను. ఊరిపేరును మాత్రము చోటు చాలకున్నను కోయక, రెండవ పంక్తికి దింపుట యుత్తమము.