సైక్లింగ్‌కి పవర్ ఉన్న ప్రోగ్రెసివ్ సన్‌గ్లాసెస్: కొనే ముందు నేను చేసిన తప్పు మీరు చేయకండి

ఇప్పటిదాకా నేను రివ్యూ చేసిన గ్యాడ్జెట్లలో దాదాపు అన్నిటికీ ఛార్జర్ కావాలి. ఈసారి వస్తువుకి బ్యాటరీ లేదు, బ్లూటూత్ లేదు, అప్‌డేట్లు కూడా రావు. కానీ చూసుకోకుండా కొంటే రోడ్డు మీద పడేస్తుంది. నన్ను పడేసింది.

ఆదివారం పొద్దున్నే వెస్ట్ మారేడ్‌పల్లి నుంచి బయల్దేరి, తిరుమలగిరి, అల్వాల్ మీదుగా శామీర్‌పేట చెరువు దాకా వెళ్లి రావడం నా అలవాటు. కొత్త సన్‌గ్లాసెస్ పెట్టుకుని అది మూడో రైడ్. తిరిగి వస్తూ ఓ కాలనీ రోడ్డులోకి మలుపు తీసుకున్నా. ముందు రంగు వేయని స్పీడ్ బ్రేకర్ ఉంది. కళ్లు కిందికి దించి చూశా కూడా. రోడ్డు చదునుగానే కనిపించింది. తర్వాత చూస్తే నేను కింద, సైకిల్ నా మీద. మోచేయి గీరుకుపోయింది, అంతకు మించి ఏం కాలేదు. వెనకాల ఆటో ఉండుంటే ఈ ఆర్టికల్ రాసేవాణ్ణి కాదేమో.

విచిత్రం ఏంటంటే, ఆ అద్దాల్లో పవర్ కరెక్టే. ఇంట్లో హాల్లో నిలబడితే ఎదురుగోడ మీది క్యాలెండర్‌లో తిథులు కూడా చదివేశా. తప్పు పవర్‌లో లేదు, కొలతలో ఉంది. ఈ కథంతా దాని గురించే.

ప్రోగ్రెసివ్ అంటే ఏంటి?

నాకు 46 ఏళ్లు. దూరానికి మైనస్ పవర్ కాలేజీ రోజుల నుంచే ఉంది. నలభై దాటాక ఫోన్‌ని చేతికందినంత దూరం జరిపి చదవడం మొదలైంది. దీన్నే మనవాళ్లు చత్వారం అంటారు. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై, ఆ వయసులో వస్తుంది కాబట్టి ఆ పేరు. కంటి లోపలి లెన్స్ గట్టిపడి, దగ్గరి వస్తువుల మీద ఫోకస్ చేయలేకపోతుంది. ఆటోఫోకస్ పోయిన కెమెరా లాంటిదన్నమాట. ‘మాకింకా పాతికేళ్లే’ అంటారా? అయితే మీ నాన్నగారి కోసం చదవండి. ఎప్పటికైనా మీకూ పనికొస్తుంది.

ప్రోగ్రెసివ్ లెన్స్‌లో పైభాగం దూరానికి, కిందిభాగం దగ్గరికి. మధ్యలో పవర్ మెల్లగా మారే సన్నటి దారి ఉంటుంది. ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ మెత్నాజ్ రూపొందించిన వారిలక్స్ 1959లో మార్కెట్లోకి వచ్చాక ఈ రకం జనంలోకి వెళ్లింది.

దీనికో లోపం ఉంది, అది ఫిజిక్స్ పెట్టిన లోపం. మధ్య దారిలో పవర్ ఎంత వేగంగా మారితే, దాని పక్కల మసక దానికి రెట్టింపు వేగంతో పెరుగుతుంది. 1963లో మింక్‌విట్జ్ ఈ లెక్క తేల్చాడు. ఎంత ఖరీదైన లెన్స్ అయినా ఇంతే. ఫోన్ బెజెల్ లాగా అనుకోండి: కాస్త అటూ ఇటూ జరపొచ్చు, పూర్తిగా మాయం చేయలేం. మంచి డిజైన్ పని ఆ మసకని మీరు చూడని చోటికి తోసేయడమే. మరి మీరు ఎటు చూస్తారో లెన్స్ చేసేవాడికి ఎవరు చెప్పాలి? మీరే.

నేను ఎక్కడ దెబ్బతిన్నా?

ఫోన్ కొన్నట్టే కొన్నా. స్పెక్స్ షీట్ చూశా, రేటింగ్స్ చూశా, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశా. కనుపాపల మధ్య దూరం, అంటే పీడీ, ఫోన్ కెమెరాతోనే కొలిచా. మామూలు సింగిల్ విజన్ అద్దాలకి దాంతో నడిచిపోవచ్చు. ప్రోగ్రెసివ్‌కి మాత్రం అది సగం కొలతే. ఆ ఫ్రేమ్ నా ముక్కు మీద కూర్చున్నప్పుడు కనుపాప లెన్స్‌లో ఎంత ఎత్తున వస్తుందో కూడా తెలియాలి. దాన్నే ఫిట్టింగ్ హైట్ అంటారు. అది అడ్డంగా తీసే పీడీలో రాదు.

ఫలితం: నాలుగైదు మీటర్ల ముందున్న రోడ్డుని నేను దూరం పవర్‌లోంచి కాకుండా మధ్య దారిలోంచి చూస్తున్నా. స్పీడ్ బ్రేకర్ అందులో కరిగిపోయింది.

రెండో తప్పు ఫ్రేమ్. ముఖాన్ని చుట్టేసే స్పోర్ట్స్ ఫ్రేమ్ చూడ్డానికి అదిరిపోతుంది, పనికీ వస్తుంది. శామీర్‌పేట వైపు ఉత్తరంగా వెళ్తుంటే పొద్దుటి ఎండ కుడి పక్క నుంచి కొడుతుంది. దాన్ని, దుమ్మునీ ఆపేది ఈ వంపే. కానీ వంపు తిరిగిన ఫ్రేమ్‌లో లెన్స్ కంటికి ఏటవాలుగా కూర్చుంటుంది. చీటీలో ఉన్న పవర్‌ని యథాతథంగా అందులో పెడితే కంటికి అందే పవర్ మారిపోతుంది. ఆ వంపుని లెక్కలోకి తీసుకుని పవర్‌ని సరిచేసి, డిజిటల్ ఫ్రీఫామ్ పద్ధతిలో లెన్స్ కోయాలి. మీ పవర్ బాగా ఎక్కువైతే బాగా వంపున్న ఫ్రేమ్ ఆశ వదులుకుని, కాస్త తక్కువ వంపున్నది తీసుకోవడం మేలు.

కుర్చీలో సైకిల్ తొక్కించారు

రెండోసారి సికింద్రాబాద్ క్లాక్ టవర్ దగ్గర ఓ పాత ఆప్టీషియన్ దగ్గరికి వెళ్లా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: “ఏ ఆట ఆడతారు సార్?” రెండోది: “హెల్మెట్ తెచ్చారా?” మర్నాడు హెల్మెట్‌తో వెళ్తే కుర్చీలో కూర్చోబెట్టి, కౌంటర్ అంచుని హ్యాండిల్‌లా పట్టుకోమన్నారు. నేను రోడ్డు చూసినట్టు ముందుకు చూస్తుంటే, ఫ్రేమ్‌లోని డమ్మీ లెన్స్ మీద మార్కర్‌తో చుక్క పెట్టారు. ఆ తర్వాత నిలబెట్టి ఇంకో చుక్క. రెండూ ఒక చోట లేవు.

ఆయన చేసిన మార్పులు రెండు. ఒకటి, నాది నిటారుగా కూర్చునే హైబ్రిడ్ సైకిల్ కాబట్టి ప్రోగ్రెసివ్ మొదలయ్యే గుర్తుని 2 మిల్లీమీటర్లు కిందికి దించారు. దూరం భాగం పెరిగింది, రోడ్డు అందులోకి వచ్చేసింది. బాగా వంగి తొక్కే రోడ్ బైక్ అయితే లెక్క మారుతుంది. అప్పుడు తల వంచి, లెన్స్ పైభాగంలోంచి చూస్తారు.

రెండోది నాకు అసలు తట్టని విషయం. చదవడానికి నాకు రాసిన యాడ్ పవర్ +1.75. అది 40 సెంటీమీటర్ల దూరంలో పుస్తకానికి. సైకిల్ మీద నేను పుస్తకం చదవను కదా! హ్యాండిల్ మీది జీపీఎస్ కంప్యూటర్ 60 సెంటీమీటర్లు పైనే ఉంటుంది. దానికి +1.25 సరిపోయింది. యాడ్ తగ్గితే పక్కల మసకా తగ్గుతుంది. రూపాయి ఎక్కువ పెట్టకుండా వచ్చిన అప్‌గ్రేడ్ ఇది.

స్క్రీన్‌తో టెస్ట్ చేయండి

* పోలరైజ్డ్: తడి రోడ్డు, కార్ల అద్దాల మీది మెరుపుని బాగా కోస్తుంది. కానీ మీ ఫోన్, వాచ్, సైకిల్ కంప్యూటర్ స్క్రీన్లలోనూ పోలరైజర్ ఉండొచ్చు. షాపులోనే అద్దాలు పెట్టుకుని వాటిని నిలువుగా, అడ్డంగా తిప్పి చూడండి. ఒక కోణంలో స్క్రీన్ నల్లబడితే, రైడ్‌లో అదే కోణంలో పెడతారా అని ఆలోచించుకోండి.
* టింట్: కేటగిరీ 3 అంటే వెలుతురులో 8 నుంచి 18 శాతమే లోపలికి వస్తుంది, మన ఎండకి ఇది సరిపోతుంది. కేటగిరీ 4 డ్రైవింగ్‌కి పనికిరాదు. రంగు ముదురుగా ఉంటే యూవీ ఆగుతుందన్న నమ్మకం లేదు, యూవీ400 అని విడిగా అడగండి.
* ఫోటోక్రోమిక్: చీకట్లో బయల్దేరి ఎండలో తిరిగొచ్చేవాళ్లకి హాయి. కాకపోతే వేడి పెరిగేకొద్దీ ఇవి తక్కువ నల్లబడతాయి. మే నెల మధ్యాహ్నానికి వీటి మీదే ఆధారపడకండి.
* మెటీరియల్: ఆటకి గాజు వద్దు. పాలికార్బొనేట్ దెబ్బకి తట్టుకుంటుంది, ట్రైవెక్స్ కూడా అంతే, పైగా అందులో చూపు ఇంకాస్త స్పష్టం.

స్మార్ట్ గ్లాసెస్ సంగతా? రే-బాన్ మెటా 2025 మేలో మన దేశానికి వచ్చింది, ప్రారంభ ధర రూ.29,900. కెమెరా, స్పీకర్ బానే ఉన్నాయి. కానీ కొలత తప్పైతే ఏ ఏఐ కూడా స్పీడ్ బ్రేకర్‌ని చూపించదు.

అందరికీ ప్రోగ్రెసివ్ కావాలా?

అక్కర్లేదు. ఆటలో దగ్గరగా ఏం చూడాలి అన్నది ముందు తేల్చుకోండి. పరుగులో వాచ్ మాత్రమే చూస్తే, దూరం పవర్‌తో సింగిల్ విజన్ సన్‌గ్లాసెస్ తీసుకుని వాచ్‌లో అంకెలు పెద్దవి చేసుకోండి. క్రికెట్ ఫీల్డింగ్‌లో బంతి పక్కల నుంచీ వస్తుంది, అక్కడా సింగిల్ విజనే నయం. మౌలాలి గుట్ట మెట్లు దిగేటప్పుడు ప్రోగ్రెసివ్‌తో కాలి కింద మెట్టు మసకగా ఉంటుంది, గడ్డం దించి చూడాల్సిందే. మ్యాప్, సైకిల్ కంప్యూటర్, ఫోన్ మాటిమాటికీ చూసేవాళ్లకే ప్రోగ్రెసివ్ ఖర్చు గిట్టుబాటు.

నా మాట

ముందు కంటి పరీక్ష కొత్తగా చేయించుకోండి. హెల్మెట్, వాచ్, ఫోన్ తీసుకుని షాపుకి వెళ్లండి. ఫ్రేమ్ ముఖం మీద ఉండగానే, మీ ఆట భంగిమలో కొలతలు తీయమనండి. సరిపడకపోతే లెన్స్ మార్చిస్తారా అన్నది బిల్లు కట్టకముందే అడగండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పవర్ కళ్లద్దాల మీద జీఎస్టీ 5 శాతమే, బిల్లులో అది కూడా చూసుకోండి. మొదటి వారం ఖాళీ రోడ్డు మీద, మెల్లగా తొక్కండి.

పోయిన ఆదివారం మళ్లీ అదే కాలనీ రోడ్డు మీదుగా వచ్చా. స్పీడ్ బ్రేకర్‌కి ఇప్పటికీ రంగు వేయలేదు. కానీ ఈసారి పది మీటర్ల ముందే కనిపించింది.