బండ క్రింది నేల

క్రొత్తగా కట్టించిన వసారాలో నునుపైన నాపబండలు పరపించి, ఏడాది తిరుగకమునుపే నేలవంక చూచి దిగులు పడుట ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల ఇండ్లలో అరుదు కాదు. ఒక వానకాలము గడచునప్పటికి నడుమ బండలు పైకి లేచును. అతుకులు విచ్చును. ఇంటిగోడకును వసారాకును మధ్య వ్రేలు దూరునంత బీట కనిపించును. యజమాని మేస్త్రీని నిందించును. మేస్త్రీ బండలమ్మిన వర్తకుని నిందించును. తరచుగా దోషము ఇద్దరిలో ఎవరిదియు కాదు. అది ఎవరును చూడని చోట, బండ క్రింద నున్నది.

ఆదోనికి పత్తి వ్యాపారమును తెచ్చిపెట్టిన నల్లరేగడియే ఈ చిక్కునకు మూలము. ఈ మట్టిలో మాంట్‌మొరిలొనైటు అను ఖనిజము విశేషముగా నుండును. దాని కణములు మిక్కిలి పలుచని రేకులను దొంతరగా పేర్చినట్లుండును. రేకుల నడుమకు నీరు చొచ్చినప్పుడు అవి ఎడమై మట్టి ఉబ్బును. ఆరినప్పుడు దగ్గరపడి మట్టి కుంచించుకొనును. వేసవిలో చేలయందు కాలు దిగబడునంతటి నెఱ్ఱెలు విచ్చుట మన మెరిగినదే. నీటిని పట్టి యుంచు ఈ గుణము పైరునకు మేలు, గచ్చునకు కీడు.

బండలు పరచిన పిమ్మట క్రింది తేమ ఆవిరియై పోవు దారి మూసికొనును. నడుమ భాగమున తేమ క్రమముగా చేరి నిలిచిపోవును. అంచులు మాత్రము వానకు తడియుచు, ఎండకు ఆరుచునుండును. కావున నడుమ ఒక తీరున, అంచు మఱియొక తీరున కదలును. ఇంటిగోడ లోతైన పునాదిమీద స్థిరముగా నిలుచును. వసారా పైమట్టిమీద తేలుచుండును. ఈ రెంటిని సిమెంటుతో బిగించినచో బీట తప్పదు. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘముతో పేరొందిన ఎమ్మిగనూరులో ఈ విషయమునకు మఱింత బరువున్నది. మగ్గము నిలిపిన నేల ఒకవైపు అరంగుళము లేచినను మగ్గపు మట్టము తప్పును, నేత చెడును, ఆ ఇంటి కూలికి ఎసరు వచ్చును.

మీ నేల ఎంత ఉబ్బునో ముందుగా తెలిసికొనవచ్చును. భారతీయ ప్రమాణముల సంస్థ 1977లో ప్రకటించిన పరీక్ష యొకటి కలదు. ఎండిన మట్టిని పొడిచేసి సన్నని జల్లెడ పట్టవలెను. గీతలు గల రెండు గాజు గొట్టములలో పది పది గ్రాముల పొడి వేసి, నూరు మిల్లీలీటర్ల గీతవరకు ఒకదానియందు నీరు, రెండవదానియందు కిరసనాయిలు పోసి కలిపి, ఇరువది నాలుగు గంటలు కదపక యుంచవలెను. కిరసనాయిలులో మట్టి ఉబ్బదు. అందులో మట్టి 10 గీతవద్దను, నీటిలో 18 గీతవద్దను నిలిచినచో ఉబ్బుదల నూటికి 80 అన్నమాట. 50కి లోబడినచో భయము తక్కువ. నూరు దాటినచో ఇంజనీరు సలహా లేక పని మొదలుపెట్టరాదు. ఇంటిలో చేసిన పరీక్ష సూచన మాత్రమే. తుది నిర్ణయమునకు ప్రయోగశాల యుండనే యున్నది.

ఇక నివారణము. నల్లమట్టి పొర పలుచనిదైనచో దానిని పూర్తిగా తీసివేయుట ఉత్తమము. లోతుగా నున్నచో ఉబ్బని బంకగల మట్టిని దానిపై మందముగా పరువవలెను. బొంబాయి ఐ.ఐ.టి.లో ఆచార్య ఆర్.కె. కట్టి 1970 దశకమున చేసిన పరిశోధనలలో అట్టి పొర సుమారు ఒక మీటరు మందమున్నచో క్రింది రేగడి ఉబ్బును అణచివేయునని తేలినది. చిన్న వసారాకు అంత త్రవ్వకము భారమనిపించవచ్చును. రెండడుగులైనను మార్చినవారికి కొంత రక్షణ కలుగును; ఆరంగుళములతో సరిపెట్టినవారికి కలుగదు. మన ప్రాంతపు రాతిగుట్టల పాదమున దొరకు ఎఱ్ఱ గరుసు ఈ పనికి అనువైనది.

ఇచ్చట పలువురు చేయు పొరపాటు ఒకటి కలదు. రేగడిని తీసి, ఆ గుంటను ఇసుకతో నింపుదురు. ఇసుక ఉబ్బదు, నిజమే. కాని చుట్టునున్న రేగడి నీటిని పోనీయదు. ఇసుకలో దిగిన వాననీరు తొట్టిలోవలె నిలిచి, అడుగు మట్టిని నెలల తరబడి నానబెట్టును. కొంచెము బంకగల గరుసునే ఆరేసి అంగుళముల పొరలుగా పోసి, ఒక్కొక్క పొరను తడిపి, దిమ్మిసతో గట్టిపడువరకు కొట్టవలెను. పిడికిట పిసికినప్పుడు ముద్ద కట్టవలెను, చేతికి నీరంటరాదు. అదియే తగిన తేమ.

బండలను ఇంటిగోడకు బిగింపక అరంగుళము సందు విడిచి, దానిని తారుతో పూడ్చవలెను. వెలుపలివైపునకు ఐదారడుగులకు ఒక అంగుళము చొప్పున వాలుంచవలెను. చూరునీరును, స్నానపు నీరును వసారా అంచున నిలువనీయక దూరముగా కాలువలో విడువవలెను. వేప, రావివంటి చెట్లు వేసవిలో నేలలోని తేమను పీల్చివేయును గనుక వానిని తమ ఎత్తునకు సరిపడు దూరమున నాటుట మేలు.

కాలమునుగూడ ఎంచుకొనవలెను. చైత్ర వైశాఖములలో నెఱ్ఱెలువాసిన నేలపై గచ్చు వేసినచో తరువాతి వానలకు అది లేవకమానదు. వానలు వెనుకబట్టి, మట్టి తడియు పొడియు కాక యున్న కార్తీక మార్గశిరములు ఈ పనికి తగినవి.

వ్యయము తగ్గింపవలసి వచ్చినచో బండ నునుపులో తగ్గింపుడు. దాని క్రింది గరుసులో తగ్గింపకుడు. బండ పగిలినచో ఒక పూటలో మార్చవచ్చును. క్రింది నేల చెడినచో వసారానంతయు పెల్లగింపక తీరదు.