ప్రదర్శనశాలలో నగరచరిత్ర

ప్రదర్శనశాల అనగానే గాజుపెట్టెలలోని నాణేలు, శిల్పాలు, ఖడ్గాలు మనసులో మెదలుతాయి. తాము నిత్యం నడిచే వీధుల చరిత్రను తెలుసుకోవడానికి కూడా అక్కడికే వెళ్ళవచ్చునని చాలామందికి తోచదు. ముంబాయి నగరంలో బైకుల్లా ప్రాంతాన ఉన్న డాక్టర్ భావూ దాజీ లాడ్ ప్రదర్శనశాల ఈ లోటును పూరించడానికి పూనుకొంది. 2008లో పునఃప్రారంభమైన తరువాత అది నగరచరిత్ర, వాస్తుకళలను గురించి సామాన్య ప్రజలకు ఉపన్యాసాలు ఏర్పాటు చేసింది.

ఈ ప్రదర్శనశాలే నగరచరిత్రలో ఒక అధ్యాయం. 1872లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అన్న పేరుతో ప్రారంభమైన ఇది ముంబాయిలోని ప్రదర్శనశాలలన్నింటిలో పాతది. జగన్నాథ్ శంకర్‌సేఠ్, డేవిడ్ ససూన్ మొదలైన పురప్రముఖుల విరాళాలు దీని నిర్మాణానికి తోడ్పడ్డాయి. ఆ కృషిలో పాలుపంచుకొన్న భావూ దాజీ వృత్తిచేత వైద్యుడు, ప్రవృత్తిచేత చరిత్రకారుడు, ప్రాచీన శాసనాలను చదవడంలో దిట్ట. 1975లో ఈ సంస్థకు ఆయన పేరు పెట్టారు. కాలక్రమంలో శిథిలమైన భవనాన్ని 2003 నుండి ఎంతో శ్రద్ధతో బాగుచేయగా, 2005లో యునెస్కో పురస్కారం లభించింది. ఆవరణలో ఒక పెద్ద రాతి ఏనుగు కనబడుతుంది. ఎలిఫెంటా ద్వీపానికి ఆ పేరు రావడానికి కారణం ఈ ఏనుగే. దీనిని ఇంగ్లండుకు తరలించబోగా 1864లో కింద పడి ముక్కలైంది. పగలబట్టి మిగిలిందని చెప్పుకోవాలి!

నగరచరిత్రను బోధించేవారికి పాత పటమే మొదటి పాఠ్యగ్రంథం. నేటి ముంబాయి ఒకప్పుడు ఏడు ద్వీపాల సముదాయం. పోర్చుగీసు రాకుమారి వివాహ సందర్భంలో అది 1661లో ఇంగ్లండు రాజుకు కట్నంగా ముట్టింది. 1668లో ఆయన దానిని ఏడాదికి పది పౌన్ల కౌలుకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ద్వీపాల నడుమ సముద్రాన్ని పూడుస్తూ పోగా నగరం ఏర్పడింది. వాటిలో 1784 ప్రాంతంలో పూర్తయిన హార్న్‌బీ అడ్డుకట్ట ముఖ్యమైనది. దానివల్ల సముద్రపు పోటు లోపలికి రావడం ఆగి పల్లపు నేలలు ఆరాయి. 1860 దశకంలో కోటగోడలను పడగొట్టారు. గోడలు పోయినా ఆ ప్రాంతాన్ని నేటికీ 'ఫోర్ట్' అనే పిలుస్తున్నారు. ఇటువంటి సంగతి విన్న శ్రోతకు రోజూ దిగే బస్‌స్టాపు కూడా కొత్తగా కనబడుతుంది.

వాస్తుకళ విషయంలో మాత్రం ఒక చిక్కు ఉంది. పెద్ద రైల్వేస్టేషనును గురించి మాట్లాడేవారు 1878లో మొదలై పదేళ్ళు సాగిన నిర్మాణాన్ని, దాని రూపకర్త ఎఫ్.డబ్ల్యు. స్టీవెన్స్‌ను, గోపురాన్ని, కూచి తోరణాలను వర్ణిస్తారు. రాళ్ళు మోసినవారు ఎవరు? సున్నం కలిపినవారు ఎవరు? నగర నిర్మాణాన్ని గురించి ఇటువంటి ప్రశ్న వేసినప్పుడు తెలుగువారి ప్రసక్తి రాక తప్పదు.

తెలుగునాడు నుండి పొట్ట చేతబట్టుకొని బొంబాయికి వెళ్ళి, భవన నిర్మాణంలో కూలీలుగా, మేస్త్రీలుగా పనిచేసినవారిని అక్కడ కామాటీలు అన్నారు. ఆరిన పల్లపు నేలలో వారు కాపురమున్న పేట కామాటిపురా అయింది. హైదరాబాదు పాతబస్తీలోనూ ఇదే పేరుగల పేట ఉన్నది. ముంబాయి కామాటిపురా పేరు తరువాతి కాలంలో వేరే కారణాలచేత అపకీర్తి పాలై, దాని అసలు అర్థం మరుగునపడింది. బొంబాయి తెలుగువారందరూ కూలీలే కారు. కాంట్రాక్టర్లుగా ఎదిగినవారూ ఉన్నారు. వారిలో కొందరు జ్యోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. పిమ్మట తెలంగాణా పద్మశాలీలు అనేకులు బట్టల మిల్లులలో చేరారు.

1982 నాటి సమ్మె తరువాత ఆ మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. వాటి స్థలాలలో అంగళ్ళు, ఆకాశహర్మ్యాలు లేచాయి. ముంబాయిలో వారసత్వ కట్టడాల పరిరక్షణకు 1995లోనే నిబంధనలు వచ్చిన మాట నిజం. అయితే రాజభవనంవంటి కట్టడాన్ని కాపాడమనడం సులభం. ఒక్కొక్క గదిలో ఒక్కొక్క కుటుంబం కాపురమున్న 'చాల్' ఇంటిని కాపాడమనడం అంత సులభం కాదు. అందులో ఉన్నవారికి కావలసింది చరిత్రకంటే ముందు కురవని కప్పు, చాలినన్ని నీళ్ళు. ఉపన్యాసాలు ఈ పేచీని తీర్చలేవు. కూల్చక ముందే ఆ ఇంటిలో ఎవరు ఉన్నారో, ఏ పని చేశారో అడిగి రాసుకోవాలన్న తలంపును మాత్రం కలిగించగలవు.

కామాటిపురాలోని పాత ఇళ్ళ స్థానంలో ఎత్తైన భవనాలు కట్టాలన్న ప్రణాళిక కూడా రూపొందింది. అక్కడి సందులలో చాలావాటిని ఒకటో సందు, రెండో సందు అని అంకెలతోనే పిలుస్తారు. నగరాన్ని కట్టిన మేస్త్రీలలో ఒక్కని పేరైనా వాటికి లేదు.