పంటి పోటుకు ఆ మాత్రలెందుకు?

పన్ను పోటు అనగానే లవంగం పెట్టుకుంటాం. తగ్గకపోతే మందుల షాపులో అమాక్సిసిలిన్ కొనేస్తాం. మిగిలినవి డబ్బాలో దాచి ఇరుగుపొరుగుకి పంచేవాళ్ళూ ఉన్నారు! నిజానికి పిప్పి పన్ను లోపలి నరం వాచి నొప్పి పుడితే ఆ మాత్రలు తగ్గించలేవు. రూట్ కెనాల్ చేయాలి, లేదా పన్ను పీకాలి. అందాకా డాక్టరు చెప్పిన నొప్పి మాత్ర చాలు. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో దంతవైద్యులకే ఈ మాట చెప్పింది.

దవడ వాచి జ్వరమొస్తే యాంటీబయాటిక్ కావాల్సిందే. నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఊరికే వాడుతుంటేనే ముప్పు, క్రిములు మందుకి మొండికేస్తాయి. రేపు పిల్లాడికి న్యుమోనియా వస్తే అదే మందు పనిచేయకపోవచ్చు. అందుకే డాక్టరు చీటీ రాస్తుంటే "ఇది చీముకా, నొప్పికా అండీ?" అని అడగండి, మొహమాటం వద్దు.