బాబుకి అరబిక్ పేరు పెడుతున్నారా? బర్త్ సర్టిఫికెట్‌లో రాయించే ముందు ఇవి చూసుకోండి!

అమ్మది తెలుగు హిందూ కుటుంబం, నాన్నది ముస్లిం కుటుంబం. ఒకవైపు ఏడో రోజు అఖీఖా, మరోవైపు 21వ రోజు బారసాల. మరి బాబుకి పెట్టే అరబిక్ పేరు అమ్మమ్మ, నానమ్మ ఇద్దరి నోటా సరిగ్గా పలకాలంటే ఎలా?

రెండు వైపులా కుదిరే పేర్లు: 'సమీర్' చూడండి. అరబిక్‌లో రాత్రిపూట కబుర్లు చెప్పుకునే స్నేహితుడని అర్థం. మనకేమో సమీరం అంటే గాలి. పలకడం ఈజీ, అర్థం రెండు చోట్లా బాగుంది.

దీర్ఘంతో జాగ్రత్త: 'అమీర్' అంటే నాయకుడు, రాజకుమారుడు. 'ఆమిర్' అంటే కళకళలాడేవాడు. ఒక్క దీర్ఘం అటూఇటూ అయితే పేరే మారిపోతుంది.

సగం పేరు వద్దు: 'అబ్దుల్' అంటే 'ఫలానా వారి సేవకుడు' అని మాత్రమే. పక్కన రహ్మాన్, అంటే దయామయుడు, చేరితేనే పేరు పూర్తవుతుంది. అందుకే ఉత్త అబ్దుల్ అని రాయించొద్దు.

స్పెల్లింగ్ ఒక్కటే: మొహమ్మద్‌ని ఇంగ్లిష్‌లో రకరకాలుగా రాస్తారు. ఆధార్‌లో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉంటే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సిందే.

తొందర అక్కర్లేదు: జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. పేరు తేలకపోతే ఖాళీగా వదిలి, ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూల్ అడ్మిషన్‌కైనా, పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ సర్టిఫికెటే ఆధారం. సో.. రెండు ఇళ్లవాళ్లూ కూర్చుని, పైకి పలికి చూసుకుని, అప్పుడే రాయించండి.