తీరమును గాచు వనము, వనమును గాచు జనము

తూర్పు కనుమల పాదమున నున్న మాడుగులకు సముద్రము కనబడదు. అయినను 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును దాటినప్పుడు జిల్లా లోపలి చెఱకుతోటలు సైతము నేల వ్రాలినవి. కావున తీరరక్షణము బెస్తపల్లెల గొడవ మాత్రమే యని కొండదాపు రైతు తలపరాదు. రాతిగోడతో గాక చెట్టుతో, బురదతో, ఇసుకదిబ్బతో కడలిని నిలువరించు పద్ధతి యిప్పుడు ప్రపంచమెల్ల ప్రశంస లందుచున్నది. ఆ చెట్టు నీడన బ్రదుకు జనులకు లభించిన దేమి, వారు కోల్పోయిన దేమి అన్న ప్రశ్నకు సమాధానము మన గోదావరి ముఖద్వారముననే కలదు.

కాకినాడకు దక్షిణమున గోదావరి పాయలు సాగరమున గలియు చోట కోరంగి మడ అడవి యున్నది. అందు సుమారు 235 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. తెల్ల మడ, నల్ల మడ చెట్లు ఊపిరి కొఱకు బురదపైకి నిలిపిన వేళ్లును, ఉప్పుపొన్న తన చుట్టును దించిన ఊడలును అలను అడుగడుగున నడ్డగించి దాని బలమును హరించును. ఒండ్రును పట్టి నిలుపును. 1999 నాటి ఒడిశా పెనుతుపానులో కేంద్రపడా జిల్లా గ్రామముల గతిని పరిశీలించిన సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు, సముద్రమునకు తమకు నడుమ మడ అడవి వెడల్పుగా నున్న గ్రామములలో మరణములు తక్కువ యని 2009లో నిరూపించిరి. ప్రభుత్వపు ముందస్తు హెచ్చరిక కాపాడిన ప్రాణములు అంతకంటె నెక్కువ యనియు వారే చెప్పిరి. అడవి హెచ్చరికకు తోడే గాని బదులు గాదు.

అడవిని పునరుద్ధరించుట యెట్టిదో, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థయు అటవీశాఖయు గ్రామస్థులును గూడి 1997 తరువాత గోదావరి, కృష్ణా ముఖద్వారములలో చేసిన పని తెలుపును. వెనుక వంతులవారీగా మొదలంట నరికిన చోట్ల నేల ఎండి, క్రుంగి, పల్లమై, అందు జేరిన పోటునీరు వెనుకకు పోక నిలిచి యావిరియై, ఉప్పు పేరుకొని గింజ మొలవని చవుడు మిగిలెను. అట్టిచోట ఒక పెద్దకాలువను ఏటితో గలిపి, దాని కిరువైపుల ఏటవాలుగా, చేపముల్లు రీతిని పిల్లకాలువలు త్రవ్విరి. పోటున నీరెక్కి, పాటున దిగి, దినదినము నేలలోని ఉప్పును కడుగగా, ఒడ్ల నాటిన మడమొక్కలు నిలద్రొక్కుకొన్నవి. మట్లపాలెము వంటి ఊళ్లలో సమితు లేర్పడి, నాటుటయు కాచుటయు తమ చేతికి దీసికొన్నవి. నేడు కోరంగి చెక్కబాటను చూడ వచ్చు యాత్రికుల మూలమున పడవ నడుపు వారికిని దారి చూపు వారికిని కొంత జీతము దొరకుచున్నది.

మఱి నష్టమో? మడకొమ్మ వంటచెఱకు, దడికి గుంజ. మడాకు పశువుల మేత. అభయారణ్యపు హద్దు గీచిన నాడు తాతలనాటి అలవాటు నేర మయ్యెను. ఆ భారము పుల్ల లేరి తెచ్చు ఆడువారిపై ముందుగా పడును. 2020లో కాకినాడ దుమ్ములపేట చెంత పేదల ఇండ్ల స్థలములకై మడచెట్లు తొలగించుటపై పుట్టిన తగవు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాక పోయెను. ఉప్పెన నడ్డు చెట్టే గూడులేనివాని యింటికి అడ్డ మన్నట్లు తోచుట యీ సమస్యలోని విషాదము.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన పిమ్మట మన తీరమున సరుగుడు తోపులు విరివిగా పెంచిరి. సరుగుడు గాలిని విఱుచును, వాసమై సొమ్ము తెచ్చును. అయితే వలలు ఆరవేసికొని పడవలు లాగుకొను ఇసుకమేటపై నాటినచో జాలరి తావు పోవును. కట్టడముల బలమును నమ్ముట కూడ కష్టమే: ఉప్పాడలో ఇసుక నింపిన జియోట్యూబుల కట్ట అలల ధాటికి చెదరెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు 2010లో ప్రకటించిన లెక్క ప్రకారము 1965–2008 నడుమ కృష్ణా గోదావరి డెల్టాల తీరమున నికరముగా 76 చదరపు కిలోమీటర్ల నేల కోతకు గుఱియైనది. గోదావరి యేటేట దెచ్చు ఒండ్రు 1970 దశాబ్దమున సుమారు 15 కోట్ల టన్నులుండగా, ఈ శతాబ్దారంభమునకు 6 కోట్ల టన్నులకు లోపడెను. ఆనకట్టల వెనుక నిలిచిన మట్టియే తీరమున కఱవైనది. మాడుగుల చెంత పారు పెద్దేటి నీరు శారదానదిలో గలిసి కడలి జేరుచున్నది గనుక, వాగుల ఇసుకను కాపాడుట మాడుగుల వారికిని తీరధర్మమే.

మొక్క నాటుట ఒకనాటి ఉత్సవము. దానిని కాచుట యేండ్ల తరబడి గ్రామము చేయవలసిన చాకిరి. అడవివలన కలుగు లాభము పట్టణములకును పొలములకును వ్యాపించుచుండగా, మూల్యమును ఒడ్డునున్న పేద యొక్కడే చెల్లించుట న్యాయము గాదు. పుల్లకు బదులు పొయ్యి, మేతకు బదులు మేత, పోయిన వేటకు పరిహారము, సమితిలో ఆడువారికిని జాలరులకును నిర్ణయాధికారము — ఈ నాలుగును లేని తీరవనము కాగితముమీది వనమే యగును.