ఒక వారపత్రిక పెంచిన సాహిత్యం

1880 జనవరి 31న సిడ్నీ నగరంలో జె.ఎఫ్. ఆర్చిబాల్డ్, జాన్ హేన్స్ అనే ఇద్దరు పాత్రికేయులు ‘ది బులెటిన్’ అనే వారపత్రికను ప్రారంభించారు. రాజకీయ విమర్శ, వ్యంగ్యచిత్రాలు, వ్యాపార విశేషాలు అందులో ప్రధానాంశాలు. అయినా పదిపన్నెండేళ్ళు తిరిగేసరికి ఆస్ట్రేలియన్ కవిత్వానికీ, కథానికకూ అదే పుట్టినిల్లయింది.

అంతవరకు అక్కడి విద్యావంతులకు సాహిత్యమంటే ప్రధానంగా లండన్ నుంచి ఓడలలో వచ్చే పుస్తకాలే. బులెటిన్ తన పాఠకులనే రచయితలు కమ్మని ఆహ్వానించింది. గొర్రెల ఉన్ని కత్తిరించేవారు, పశువుల మందలను దూరప్రాంతాలకు తోలేవారు, గనుల్లో పనిచేసేవారు అనుభవాలు రాసి పంపేవారు. ప్రచురణకు నోచుకోని రచనలకు పత్రికలోనే రెండు ముక్కల్లో చురుకైన సమాధానం లభించేది. ఆర్చిబాల్డ్ క్లుప్తత కోసం పట్టుబట్టేవాడు. పత్రికలోని ఇరుకు జాగాయే కథానికకు బిగువు నేర్పింది. నగరాలకు దూరంగా ఉన్న అడవులను, బీళ్ళను, పచ్చిక నేలలను ఆస్ట్రేలియన్లు ‘బుష్’ అంటారు. ఆ బుష్ వాసుల బైబిలుగా ఈ పత్రిక పేరుపొందింది.

1867లో బంగారు గనుల ప్రాంతంలో పుట్టిన హెన్రీ లాసన్‌కు బాల్యంలోనే వినికిడి పోయింది. అతని తొలి కవిత 1887లో బులెటిన్‌లో వెలువడింది. 1892 జూలైలో వచ్చిన ‘ది డ్రోవర్స్ వైఫ్’ అతనికి చిరకీర్తి తెచ్చింది. భర్త మందలు తోలుకుంటూ నెలల తరబడి దూరాన ఉంటాడు. ఇంటి నేల కింద పాము దూరుతుంది. ఇల్లాలు నలుగురు పిల్లలను వంటింటి బల్లమీద పడుకోబెట్టి, కుక్క తోడుగా రాత్రంతా మేలుకొని కాపలా కాస్తుంది. కథ అంతే. కానీ ఆ ఒక్క రాత్రిలో ఆమె జీవితమంతా మనకు కనిపిస్తుంది.

ఆ ఏడాదే లాసన్ బుష్ జీవితంలోని దైన్యాన్ని కవితలో వర్ణించగా, సిడ్నీ న్యాయవాది ఎ.బి. పేటర్సన్ దాని అందాన్ని సమర్థిస్తూ కవితలోనే బదులిచ్చాడు. ‘బాంజో’ అన్న అతని కలంపేరు ఒక గుర్రానిది. పత్రిక రచన నిడివిని బట్టి పారితోషికం చెల్లించేది కనుక ఈ వాదాన్ని ఇద్దరం కూడబలుక్కొనే మొదలుపెట్టామని పేటర్సన్ తరువాత చెప్పుకొన్నాడు! ఆర్చిబాల్డ్ లాసన్ చేతిలో ఐదు పౌన్లు, ఒక రైలు టిక్కెట్టు పెట్టి కరువుసీమ అయిన బర్క్‌కు పంపాడు. అక్కడి అనుభవాలే అతని అనేక కథలకు ముడిసరుకయ్యాయి.

ఈ రచనలను తెలుగు చేయబూనినవారికి మొదట అడ్డుతగిలే మాట ‘మేట్’. మిత్రుడు, జతగాడు అంటే చాలదు. మండుటెండలో ఒకే దారిన నడిచి, ఉన్న రొట్టె పంచుకొనేవాడని దాని అర్థం. అయితే ఆ మాటలో ఎవరికి చోటుంది?

1896లో బార్బరా బేంటన్ కథ ఒకటి బులెటిన్‌లో కుదింపుతో వెలువడింది. అందులోనూ భర్త దగ్గర లేని ఇల్లాలే. అదే ఒంటరి గుడిసె. కానీ ఆమెను కాటేసింది పాము కాదు, దారిన పోయే బాటసారి. లాసన్ కథల్లో సోదరునిగా కనిపించే దేశదిమ్మరి ఇక్కడ హంతకుడయ్యాడు. బేంటన్ కథల సంపుటి 1902లో లండన్‌లో అచ్చయింది.

ఇక చైనీయులను, ఆదివాసులను, భారతీయులతో సహా ఆసియావాసులను ఈ పత్రిక ఎద్దేవా చేసింది. ‘శ్వేతజాతీయునికే ఆస్ట్రేలియా’ అన్న నినాదం 1908 నుంచి దాదాపు అర్ధశతాబ్ది పాటు దాని శీర్షిక కింద నిలిచింది.

బులెటిన్ 2008లో మూతపడింది. పేటర్సన్ చిత్రం పది డాలర్ల నోటుపై కొనసాగుతోంది. సామాన్యుని పలుకుకు అచ్చులో గౌరవం కల్పించిన ఘనత ఆ పత్రికది. సామాన్యులంటే ఎవరన్నది నిర్ణయించడంలో మాత్రం దాని దృష్టి సంకుచితమైనది. ఆ కథలను ఆస్వాదించే పాఠకుడు ఈ రెండు సంగతులనూ గుర్తుంచుకోవాలి.